పాత ట్రాక్టరు – బరువెక్కిన స్టీరింగు
(రేడియో ప్రసంగ పాఠము)

ఎద్దుబండి తోలిన తరమువారికి కందెన విలువ ఒకరు చెప్పనక్కరలేదు. దారిలో ఇరుసు కీచుమన్నచో వారు ఎద్దులను అదలించెడివారు కారు. బండి ఆపి కందెన వేసెడివారు. తప్పు ఎద్దులది కాదు, ఇరుసుది అని వారికి తెలియును. ఆ తెలివిని ట్రాక్టరు వద్దకు వచ్చుసరికి మనము కొంత మరచినట్లు తోచుచున్నది. స్టీరింగు బరువుగా తిరుగుచున్నదని నడుపువాడు చెప్పినపుడు, “పాత బండి కదా, అట్లే యుండును, ఇంకొంచెము బలముగా త్రిప్పు” అని సమాధానము చెప్పు యజమానులే యెక్కువ. నేటి ప్రసంగములో నేను మనవి చేయదలచినది ముఖ్యముగా ఒక్క విషయము. స్టీరింగు బరువెక్కుట ముసలితనము కాదు. అది యెక్కడనో ఒక చోట పుట్టిన లోపమునకు గుర్తు. ఆ చోటు తెలిసికొనుటకు గొప్ప పనిముట్లు అక్కరలేదు. ఒక జాకీ, కొన్ని చెక్క దిమ్మెలు, ఒక పూట తీరిక చాలును.

మన పల్లెలలో చేతి బలముతోనే త్రిప్పవలసిన స్టీరింగు గల ట్రాక్టరులు నేటికిని లెక్కకు మిక్కిలిగా తిరుగుచున్నవి. ఇందుకు చరిత్రలో కారణము కలదు. మన దేశములో ట్రాక్టరుల తయారీ ఐషర్ సంస్థ 1959లో ఫరీదాబాదులో ఆరంభించిన పనితో ఊపందుకొన్నది. మాసీ ఫెర్గూసన్ వారి సహకారముతో టాఫే సంస్థ మదరాసులో 1960లో వెలసినది. 1963లో మహీంద్రావారు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో చేయి కలిపిరి. హెచ్.ఎం.టి. సంస్థ 1971లోను, మన శాస్త్రజ్ఞులే రూపకల్పన చేసిన స్వరాజ్ ట్రాక్టరు 1974లోను పొలములకు వచ్చినవి. ఆ తొలి దశాబ్దములలో రైతుల యిండ్లకు చేరిన ట్రాక్టరులలో అత్యధిక భాగమునకు పవరు స్టీరింగు లేదు. నేడు చిన్న ట్రాక్టరులకు సైతము ఆ సౌకర్యము దొరకుచున్నది. అయినను పాత బండి ఇంజను గట్టిది, విడిభాగములు సులభముగా దొరకును, అప్పు తీరిపోయినది. అట్టి దానిని ఎవరు వదలుకొందురు? కనుక దానిని చక్కగా నడుపుకొను ఉపాయమే మనకు కావలెను.

మొదట భారమెక్కడనుండి వచ్చుచున్నదో చూతము. ముప్పదియైదు అశ్వశక్తి గల ట్రాక్టరు ఇంచుమించు ఒకటిన్నర టన్ను మొదలు రెండు టన్నుల వరకు తూగును. అందులో మూడవ వంతు, లేదా అంతకు కొంచెము మించి, ముందు చక్రములపై నుండును. అనగా అయిదారు వందల కిలోల బరువు మోయుచున్న రెండు టైర్లను నేలమీద రాచుచు త్రిప్పవలెను. మన చేతిలోని పెద్ద చక్రమును, దాని క్రిందనున్న స్టీరింగు పెట్టెలోని మరయు పండ్లును మన బలమును అనేక రెట్లు చేసి ముందు చక్రములకు అందించును. పెట్టెనుండి దిగిన చేయి కడ్డీని లాగును. కడ్డీ చక్రపు చేతిని లాగును. చక్రము కింగుపిన్ను చుట్టు తిరుగును. ఈ గొలుసులో ఏ లంకె బిగిసినను, ఆ బిగువు మొత్తము తుదకు మన భుజమునకే చేరును. గొలుసులో ఎక్కడ బిగిసినదో భుజమునకు తెలియదు. బరువుగా నున్నదని మాత్రమే తెలియును. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

పైగా ఈ బరువు ఒక్కనాటిలో రాదు. నెలకు కొంత, కారుకు కొంత పెరుగును. నడుపువాడు తెలియకయే దానికి అలవాటు పడును. ఒకనాడు వేరొకరు ఎక్కి త్రిప్పబోయినపుడు గాని, “ఇంత మొండిగా నున్నదేమి!” అను మాట వినబడదు. అందుచేత కొత్తగా బండి ఎక్కినవారి మాటను తేలికగా తీసివేయరాదు. ఇంటి పెద్దకు వయసు మీరి ట్రాక్టరు దిగిపోవుటకును, చదువుకొన్న కుమార్తె నేర్చుకొనబోయి మానుకొనుటకును, జీతపు డ్రైవరు రాత్రి భుజమునకు తైలము రాచుకొనుటకును పెక్కుచోట్ల కారణము పొడిబారిన ఒక పిన్ను మాత్రమే. ఇరుకైన కాలువగట్టుపై ఎదురుగా బండి వచ్చినపుడు, సకాలములో చక్రము తిరుగునా లేదా అనునది ప్రాణముతో కూడిన ప్రశ్న. అది బలాబలముల పందెము కారాదు.

ఇక పరీక్షకు వత్తము. ఖర్చు లేని దానితో మొదలిడుట మంచిది. ముందు టైర్లలో గాలి చూడవలెను. గాలి తగ్గిన టైరు నేలమీద వెడల్పుగా పరచుకొనును. త్రిప్పబోయినపుడు అంత మేర రాచుకొనును. ఎంత గాలి పట్టవలెనో తయారీదారులు ఇచ్చిన పొత్తములో నుండును. వెనుక టైరుకును ముందు టైరుకును ఒకే కొలత కాదు. సాధారణముగా ముందు టైరుకు గాలి ఎక్కువ కావలెను. చేతితో తట్టి, కాలితో తన్ని చూచుట కొలత కాదు; గేజి పెట్టి చూడవలెను. రెండు ముందు టైర్లును ఒకే సైజువై యుండవలెను. ఒకదాని గీతలు నిలిచి, రెండవది నున్నగా అరిగియున్నచో స్టీరింగు ఒక ప్రక్కకు లాగును. ఆ లాగుటను నిలువరించుటకు పట్టిన బలమును గూడ మనము బరువనియే తలచెదము.

గాలి సరిగా నున్నను బరువు తగ్గలేదా? అప్పుడు బండిని సమమైన గట్టి నేలమీద నిలిపి, ఇంజను ఆపి, చేతిబ్రేకు వేసి, వెనుక చక్రములకు ముందు వెనుకల దిమ్మెలు అడ్డు పెట్టవలెను. ముందు భాగమును జాకీతో రెండు చక్రములును నేలవిడుచునట్లు లేపి, గట్టి దిమ్మెలపై కూర్చుండబెట్టవలెను. జాకీ ఒక్కదానినే నమ్మి ఎవ్వరును క్రిందికి దూరరాదు. ముందు ఇరుసు నడుమనున్న పిన్నుపై ఊగునట్టిది కనుక, అది ఒక ప్రక్కకు ఒరగకుండ రెండు వైపులను ఊత ఇచ్చుట మరువరాదు.

ఇప్పుడు స్టీరింగును ఈ చివరనుండి ఆ చివరకు నెమ్మదిగా త్రిప్పి చూడుడు. తేలికగా, ఒకే తీరున తిరిగినచో యంత్రభాగములలో దోషము లేదని అర్థము. భారము టైర్లలోనో, ముందు మోపిన బరువులోనో, మనము నడుపు తీరులోనో యున్నది. గాలిలో నున్నను మొరాయించినచో దోషము లోపల నున్నది. అప్పుడు కడ్డీలను చక్రముల వద్ద విప్పి మూడు భాగములను విడివిడిగా చూడవలెను. ఎడమ చక్రమును చేతితో పట్టి త్రిప్పుడు. కుడి చక్రమును త్రిప్పుడు. ఆ పిదప కడ్డీలు లేని స్టీరింగును త్రిప్పుడు. మూడింటిలో ఏది మొండికేయునో దొంగ అదియే. ఫెర్గూసన్ తరహా ట్రాక్టరులలో పెట్టెకు రెండు ప్రక్కల రెండు చేతులు దిగి, ఒక్కొక్క చక్రమునకు ఒక్కొక్క కడ్డీ పోవును. కనుక ఈ పరీక్ష మరింత సులభము. ఇతర బండ్లలో ఒక కడ్డీయు, రెండు చక్రములను కలుపు అడ్డకడ్డీయు నుండును. విప్పుటకు ముందు కడ్డీ మరలపై సుద్దతో గుర్తు పెట్టుకొన్నచో, తిరిగి బిగించునపుడు పొడవు మారదు.

ఇంత శ్రమ యెందుకని అడుగవచ్చును. కారణము చెప్పెదను. పరీక్ష చేయక షాపునకు పోయినచో పెక్కుమార్లు స్టీరింగు పెట్టెనే విప్పుదురు. దోషము కింగుపిన్నులో నుండగా పెట్టె విప్పినందువలన డబ్బు పోవును, బరువు మిగులును.

పాత బండ్లలో తరచుగా దొరకు దొంగ కింగుపిన్నే. వరిపొలములలో దమ్ము చేయు ట్రాక్టరులకు ఈ బెడద మరింత అధికము. బురదనీరు పిన్నుకును బుష్షుకును నడుమ చేరి గ్రీజును కడిగివేయును; బండి కొన్నాళ్ళు కదలక నిలిచినచో త్రుప్పు పట్టి బిగియును. గ్రీజు వేయుచునే యున్నాము గదా అని కొందరందురు. ఇచ్చట ఒక సూక్ష్మమున్నది. బండి నేలమీద నిలిచియున్నపుడు దాని బరువంతయు పిన్ను అడుగున నున్న బేరింగుపై పడి, ఆ రెండు ముఖములను గట్టిగా అదుముచుండును. మనము గన్నుతో కొట్టిన గ్రీజు అదుము లేని ప్రక్కనుండి బయటికి పోవునే గాని, అవసరమున్న చోటికి చేరదు. ముందు భాగమును లేపి, చక్రములు వ్రేలాడుచుండగా గ్రీజు కొట్టి, చక్రమును అటునిటు త్రిప్పుచు మరల కొట్టినచో ఆ సందులోనికి పోవును. నల్లని పాత గ్రీజు, బురద, నీరు బయటికి వచ్చి, తుదకు శుభ్రమైన కొత్త గ్రీజు కనబడువరకు కొట్టవలెను. దమ్ము పని జరుగు దినములలో సాయంకాలము పని ముగిసిన వెంటనే గ్రీజు వేయుట మేలు. రాత్రియంతయు లోపల నీరు నిలువదు.

గ్రీజు లోనికే పోనిచో నిప్పిలు మూసికొనిపోయి యుండును. దానిని విప్పి కడిగి, లేదా కొత్తది వేసి, మార్గమును శుభ్రము చేయవలెను. అయినను పిన్ను బిగిసియే యున్నచో దానిని ఊడదీసి, త్రుప్పు గీకి, బుష్షులును బేరింగును మార్పించుటయే మార్గము. సుత్తితో మోది, కిరసనాయిలు పోసి వదలుట నాలుగు దినముల వైద్యము.

స్టీరింగు పెట్టెలోనే దోషమున్నచో మొదట నూనె మట్టము చూడవలెను. పెట్టెకు కావలసినది పొత్తములో చెప్పిన గేరునూనె. నూనె కారిపోవుచున్నదని దానికి బదులు గ్రీజు కూరువారు కలరు. గ్రీజు ఒకసారి పండ్లనుండి తొలగినచో మరల వాటి యొద్దకు పారదు. పండ్లు ఎండి అరుగును. కారుచున్న సీలు మార్చుట చౌక. మరియొక పొరపాటు మరను అతిగా బిగించుట. స్టీరింగులో ఆట యెక్కువైనదని పెట్టెమీది సవరణ మరను బిగింతురు. బండి ఎక్కువ కాలము తిన్నగా నడచును గనుక పండ్లు నడుమ భాగములోనే ఎక్కువగా అరుగును. చివరలలో అంతగా అరుగవు. నడుమ ఆట పోవునంతవరకు బిగించినచో చివరలలో అవి పట్టివేయును. మలుపులో చక్రము పట్టివేయుట ఎంత ప్రమాదమో ఊహింపవచ్చును. కనుక బిగించిన పిదప చివరనుండి చివరకు త్రిప్పి, ఎక్కడను పట్టలేదని నిశ్చయించుకొని గాని బండిని నేలకు దింపరాదు. అప్పటికిని ఆట పోనిచో పండ్లకు కాలము చెల్లినదని తెలిసికొనవలెను.

ఇక కడ్డీల సంగతి. 1818లో రుడాల్ఫ్ ఆకర్మన్ అను నతడు లండనులో పేటెంటు పొందిన యేర్పాటు ఒకటి కలదు. ఆ ఆలోచన మ్యూనిచ్ నగరమునందలి బండ్ల నిర్మాత లాంకెన్‌స్పెర్గర్‌ది. మలుపు తిరుగునపుడు లోపలి చక్రము బయటి చక్రముకంటె ఎక్కువగా ఒరగవలెను. లేనిచో ఒక టైరు ఈడ్వబడును. ఇదియే దాని సారము. నేటికిని మన ట్రాక్టరు కడ్డీలు ఈ సూత్రమునకు లోబడి పనిచేయుచున్నవి. కడ్డీ వంగినను, ఒకదాని పొడవు మారినను, చక్రముల ముందు అంచుల నడుమ దూరము కొలత తప్పినను టైర్లు తిరుగుటకు బదులు రాచుకొనును. టైరు అంచులు రంపపు పండ్లవలె అరిగియున్నచో ఈ లోపమును శంకింపవచ్చును. వంగిన చేతిని కాల్చి తిన్నజేయుటయు, విరిగిన దానికి వెల్డింగు పెట్టుటయు ఎంతమాత్రము కూడవు. కాల్చినపుడు ఆ యుక్కు తన గట్టితనమును కోల్పోవును; అది రెండవమారు విరుగుట రోడ్డుమీదనే జరుగవచ్చును.

వరుసల నడుమ సేద్యమునకై కొందరు ముందు చక్రపు పళ్ళెములను తిరగవేసి వెడల్పు పెంచుదురు. అట్లు చేసినపుడు టైరు కింగుపిన్నుకు దూరమగును. దూరము పెరిగిన కొలది త్రిప్పుటకు బలము ఎక్కువ కావలెను. రాయి తగిలినపుడు ఎదురుదెబ్బయు పెరుగును. ఆ పని ముగిసిన తరువాత చక్రములను పూర్వపు స్థితికి మార్చుకొనుట మరువరాదు. అట్లే అవసరము తీరిన పిదపను ముందు వ్రేలాడుచున్న ఇనుప బరువులును భుజములపై భారమే. డిఫరెన్షియల్ లాకు వదలక పట్టియున్నచో వెనుక చక్రములు రెండును ఒకే వేగమున తిరుగుచు బండిని తిన్నగా నెట్టును. అప్పుడు ఎంతటి బలశాలియు స్టీరింగును జయింపలేడు. బురదనుండి బయటపడగనే లాకు వదలినదో లేదో చూచుకొనవలెను.

యంత్రము సరిగా నున్నను నడుపుటలో నేర్పు లేనిచో భారము తగ్గదు. నిలిచియున్న బండి స్టీరింగును త్రిప్పరాదు. బండి కొంచెమైనను కదలుచుండగా త్రిప్పినచో టైరు రాచుకొనుటకు బదులు దొర్లును. సగము బలము మిగులును. చాలు చివర మలుపులో ముందుగా వేగము తగ్గించి, గొర్రును లేపి, ఆపైన త్రిప్పవలెను. నేలలో దిగియున్న గొర్రు బండిని తిన్నగా పట్టి నిలుపును. మెత్తని పొలములో లోపలి వైపు బ్రేకును కొంచెము నొక్కి మలుపునకు సాయము తీసికొనవచ్చును. రెండు బ్రేకులు వేర్వేరుగా నుండుట అందుకే. కాని రోడ్డెక్కుటకు ముందు రెండు పెడళ్ళను కలుపు కొక్కెము తప్పక వేయవలెను. వేగముగా పోవు బండికి ఒక ప్రక్క బ్రేకు పడినచో అది పల్టీ కొట్టును.

స్టీరింగు పట్టుకొను తీరును గూర్చి ఒక్క మాట. బొటనవ్రేళ్ళు చక్రపు అంచుమీదనే యుండవలెను. ఆకుల నడుమకు పోరాదు. చేతి స్టీరింగు గల బండిలో ముందు చక్రము గట్టుకో రాతికో తగిలినపుడు ఆ దెబ్బకు స్టీరింగు గిఱ్ఱున తిరుగును. ఆ ఆకు బొటనవ్రేలిని విరువగలదు. ఒంటిచేతితో త్రిప్పుటకై స్టీరింగు అంచునకు పిడి బిగించుకొనువారు గూడ ఈ సంగతి ఆలోచింపవలెను. గిఱ్ఱున తిరిగిన పిడి సుత్తివలె మణికట్టుపై పడును.

ఇంతవరకు బరువును గూర్చి చెప్పితిని. ఇక తేలికను గూర్చి చెప్పవలెను. ఇది అంతకంటె ముఖ్యము. ఎన్నడును బరువుగా నుండు స్టీరింగు ఉన్నట్లుండి హాయిగా, పూవువలె తిరిగినచో సంతోషింపరాదు; భయపడవలెను. ధాన్యపు బస్తాలనో చెరకునో మోయలేనంతగా ట్రక్కులో వేసి కాలువగట్టు ఎక్కించునపుడు వెనుక భారము ముందు చక్రములను నేలనుండి లేపజూచును. నేలను విడుచుచున్న చక్రము తేలికగా తిరుగును గాని బండిని త్రిప్పదు. ఆపైన ముందు భాగము లేచి వెనుకకు పల్టీ కొట్టుటకు క్షణకాలము చాలును. ట్రక్కును తయారీదారు చూపిన కొక్కెమునకే తగిలింపవలెను గాని, ఎత్తున నున్న పై లంకెకు తగిలింపరాదు. వెనుక బరువైన పనిముట్టు మోయునపుడు ముందు బరువులు పెట్టుట ఇందుకే. చేతికి తెలియు కొంత బరువు, చక్రము నేలను అంటియున్నదని చెప్పు సాక్ష్యము. మనము వదల్చుకొనవలసినది త్రుప్పువలన, పొడిబారుటవలన వచ్చిన దొంగబరువును. నేల ఇచ్చు నిజమైన బరువును కాదు.

చివరకు అందరును అడుగు ప్రశ్న: పాత బండికి పవరు స్టీరింగు పెట్టించవచ్చునా? పెట్టించవచ్చును, చాలమంది పెట్టించుచున్నారు. ఇంజనుతో తిరుగు పంపు నూనెను ఒత్తిడితో పంపును. స్టీరింగు క్రింది వాల్వు ఆ నూనెను ఒక సిలిండరుకు మళ్ళించును. సిలిండరు చక్రములను త్రోయును. ఎల్లప్పుడును ముందు బరువు మోయు బండికిని, భుజము దెబ్బతిన్న రైతుకును ఇది మేలైన సాయము. కాని రెండు జాగ్రత్తలు కావలెను. మొదటిది: అరిగిన పిన్నులు, వదులైన కడ్డీ కీళ్ళు, వంగిన చేతులు ముందుగా బాగుచేయించవలెను. నూనె ఒత్తిడి ఆ లోపములను పోగొట్టదు, కప్పిపుచ్చును. మన భుజము “ఇక చాలు” అని ఆగునట్లు సిలిండరు ఆగదు, విరుగువరకు త్రోయును. రెండవది: ఇంజను ఆగినను, గొట్టము పగిలినను సాయము తొలగిపోయి, అంతవరకు వ్రేలితో తిరిగిన స్టీరింగు ఒక్కసారిగా మొండికెత్తును. కనుక ఆ బండికి సరిపోవునట్లు చేసిన సామగ్రినే అనుభవజ్ఞుని చేత బిగింపించవలెను. గొట్టములను, నూనెను తరచుగా చూచుకొనుచుండవలెను.

గాలి, గ్రీజు, పరీక్ష, సవరణ, విడిభాగము, ఆ తరువాతనే పవరు. ఈ వరుసలో పోయినచో పెక్కు బండ్లకు మొదటి మూడింటితోనే పని తీరును. వచ్చు దుక్కులకు ముందుగా ఒక పూట ఈ పరీక్షకై కేటాయించి, బండి నడుపువానిని ప్రక్కన నిలువబెట్టుకొని చేయించుడు. ఏ మలుపున బరువు హెచ్చునో, ఏ ప్రక్కకు పట్టివేయునో మెకానిక్కుకంటె అతనికే బాగుగా తెలియును.